ఓదెలు ఎరుపు

ఫిబ్రవరి 3. ఉప్పు 310. కడిగిన గొట్టాలు ఆరు.

ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసే మా ప్లాంటు చిట్టాలో చివరి గడి పేరు 'ఇతర విషయాలు'. మోటారు మూలుగుతోందనో, కొంగలు పైపు మీద గూడు కట్టాయనో రాయడానికి పెట్టారు దాన్ని. నేను నా విషయాలు రాస్తాను. సూపర్‌వైజర్ వీర్రాజు గారు నెలకోసారి చదివి "తగ్గించగలరు" అని రాసి సంతకం పెడతారు. నేను తగ్గించను. ఒడ్డు మునిగాక సముద్రం మీద కట్టుకున్న ఈ తేలే వాడలో నాలుగు వేల మందికి తాగునీళ్లు నా చేతి మీదుగానే వెళ్తాయి. ఏడేళ్లలో ఒక్కరికి కడుపు చెడలేదు. ఆమాత్రం హక్కు నాకుంది.

ఈ వారం మా పంచాయితీలో నా ఫోటో పడింది. పంచాయితీ అంటే ఆస్తి తగువులది కాదు, ఫోన్లలో నడిచే పచ్చి ఫోటోల పంచాయితీ. ఈ రోజుల్లో కెమెరా తనకు తోచింది చూపిస్తుంది. దుమ్ము పట్టిన ఆకాశాన్ని తీస్తే నీలం ఆకాశం వస్తుంది, చెమట పట్టిన మొహాన్ని తీస్తే పెళ్లికూతురి మొహం వస్తుంది. అది మాకు గిట్టదు. పాత కెమెరాలతో ఉన్నది ఉన్నట్టు తీసి, చేత్తో దిద్దుకునే పిచ్చివాళ్లం నలభై ముగ్గురం ఉన్నాం. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. వారానికొక పచ్చి ఫోటో. అది చేతులు మారుతూ పోతుంది, ఒక్కొక్కరు తమ దిద్దుబాటుని దాని మీద ఒక్క పొరగా వేస్తారు. ఎవరి పొరనూ ఇంకొకరు తీసేయకూడదు, నచ్చకపోతే దాని మీద మన పొర వేసుకోవాలి. ఇంకో నియమం, మనిషి సంగతులు అడగకూడదు. ఫోటో సంగతే మాట్లాడాలి. పుట్టినప్పటి నుంచీ పంచాయితీ తగువు లేకుండా నడుస్తోందంటే ఈ రెండిటి పుణ్యమే.

నా ఫోటోలో తాడు మీద ఆరేసిన వదిన ఎర్ర చీర, వెనక ఎండుచేపల బుట్టలు, పక్కన తొట్టిలో గోంగూర మొక్క. ఆరుగురు ఆరు పొరలు వేశారు. ఏడోది ఓదెలన్నయ్యది. చీరని ఇటుక రంగుకు తెచ్చాడు. ఇటుక కూడా కాదు, ఇటుకకీ బెల్లానికీ మధ్యన ఏదో. చూసి అందరూ నోళ్లు తెరిచారు. "పాతకాలం గాలి వీచినట్టుంది" అన్నారొకరు. నాలుగు నెలలుగా ఆయన ఎరుపులన్నీ ఇలాగే వస్తున్నాయి. దానికి పేరు పెట్టింది కూడా నేనే. ఓదెలు ఎరుపు.

రాసినది: మైలపల్లి నూకరత్నం, ఉదయం షిఫ్టు.

ఫిబ్రవరి 10. ఉప్పు 305. గొట్టాలు ఆరు. మూడో పంపు మూలుగుతోంది.

ఓదెలన్నయ్య ఎక్కడో గోదావరి పై ఒడ్డున, సోలార్ పలకల మైదానంలో పలకలు తుడుస్తాడు. యాభై దాటాయట. ఈ రెండు ముక్కలే తెలుసు, ఎందుకంటే అడగకూడదు. కానీ రెండేళ్ల కిందట నేను కొత్తగా చేరినప్పుడు, నీడల్ని ఎలా దిద్దాలో తెలియక మొత్తం నల్లగా చేసి పెడుతుంటే, ఆయనే నాకు వాయిస్ మెసేజ్‌లు పంపాడు. ఒకటి కాదు రెండు కాదు, ముప్పై ఒక్కటి. "చెల్లె, నీడను సంపకు. అండ్ల ఎవరో ఒకరు నిలవడి ఉంటరు" అన్నాడు. ఆ ముక్క పట్టుకునే నేను ఈపాటిదాన్నయ్యాను. నా తోడబుట్టిన వాళ్లెవరూ నాకోసం అంతసేపు కూర్చోలేదు.

ఈ వారం ఓదెలు ఎరుపుని ఎవరైనా ఒక్క మీటతో వాడుకునేలా చేసి పంచాయితీలో పెట్టాను. పదిహేడు మంది వాడారు. టమాటాలు, మిరపకాయలు, పెళ్లి పారాణి అన్నీ ఇటుక రంగుకొచ్చాయి.

పొద్దున ఆయన నాకు విడిగా మెసేజ్ పంపాడు. "చెల్లె, మొన్నటి చీర నీకు ఏ రంగుల కనవడ్తున్నది? నిజం చెప్పు."

"అదేంటండి అన్నయ్యా, మీకు తెలియని రంగు మాకేం తెలుస్తాదండీ. అద్దిరిపోయింది. ముట్టుకోకండి" అన్నాను.

"సరే తియ్యి" అని నవ్వాడు. కిందటి నెలలో కూడా ఇలాగే అడిగాడు. పెద్దవాళ్లకి పొగడ్త రెండుసార్లు వినాలనిపిస్తుంది కాబోలు.

ఫిబ్రవరి 14. ఉప్పు 320. గొట్టాలు నాలుగే. కోపంలో ఉన్నాను.

మాబున్నీ అని ప్రొద్దుటూరు పిల్ల, పంచాయితీలో చేరి ఏడాదైంది. పిల్లంటే ముప్పై ఏళ్లుంటాయి, కుట్టుమిషను పెట్టుకుని బతుకుతుంది. ఈరోజు నాకు మెసేజ్ పెట్టింది.

"అక్కా, నువ్వు కోప్పడకుంటే ఒక మాట చెప్తా. ఓదెలన్న ఎరుపు ఎరుపు కాదక్కా. దానికి దారం జత చేద్దామని కండెలన్నీ ముందరేసుకున్నా. చీరకూ అదే కండె సరిపోతాంది, పక్కన గోంగూర ఆకుకూ అదే కండె సరిపోతాంది. ఎరుపూ పచ్చా రెండూ ఒక తావుకే వస్తాండాయి. నాకేందో బాగలేదనిపిస్తాంది."

కోప్పడకుంటే అంది కదా, కోప్పడ్డాను. "ఏంటమ్మా నీ గోల. జాకెట్లు కుట్టుకునేదానివి, ఆయన చేతిపని మీద వంకలు పెట్టేంత దానివైపోయావా" అన్నాను.

"నా పనే అది కదక్కా, దారం జతచేసేది" అంది. ఇంకేం అనలేదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనే రకాన్ని నేను. ఆ సంగతి నాకూ తెలుసు, వీర్రాజు గారికీ తెలుసు. కానీ ఓదెలు ఎరుపు అని పేరు పెట్టింది నేను. దాన్ని దారం కండెతో కొలుస్తానంటే ఊరుకుంటానా.

ఫిబ్రవరి 17. ఉప్పు 315. గొట్టాలు ఆరు.

ఆ పిల్ల నోరు మూయించడానికి ఒక ఉపాయం పట్టాను. ఈ వారం ఫోటో పెట్టాల్సిన మనిషి జ్వరంతో పడుకుంటే ఆ వంతు నేను అడిగి తీసుకున్నాను. మా ప్లాంటు గోడ మీద నీటి పరీక్ష అట్ట ఒకటి ఉంటుంది. కాగితం ముక్కని నీళ్లలో ముంచి ఆ అట్ట మీది గడులతో పోల్చుకోవాలి. పచ్చ గడి అయితే తాగొచ్చు, ఎర్ర గడి అయితే ముట్టుకోకూడదు. ఉప్పుగాలికి వెలిసిపోయి మరకలు పడి ఉంది. దాన్ని పచ్చిగా తీసి పెట్టి, "గడులకి రంగు మళ్లీ తెప్పించండి, మొదటి పొర ఓదెలన్నయ్యది" అన్నాను. అట్ట దగ్గర పాతకాలం గాలీ గీలీ ఏముంటుంది, ఎరుపంటే ఎరుపే. ఆయన చక్కగా ఎరుపు వేస్తాడు, మాబున్నీ తెల్లబోతుంది.

ఫిబ్రవరి 21. ఉప్పు 318. గొట్టాలు రెండు.

అన్నయ్య పొర వచ్చింది. ఎంత పనితనమో. మరకలు పోయాయి, అంచులు కత్తితో కోసినట్టున్నాయి, మడత పడ్డ మూల కూడా సాపు చేశాడు. రెండు గడుల్లోకీ రంగు నింపాడు. తాగొచ్చు అనే గడీ ముట్టుకోకూడదు అనే గడీ, రెండూ ఒకే బెల్లం రంగు.

ముందు నవ్వొచ్చింది. వేళాకోళం చేశాడనుకున్నాను. కింద ఆయన రాసిన ముక్క చదివాను. "ఎరుపు జర ఎక్కువైందేమో, తగ్గించాల్నా?"

రెండు గడులూ మళ్లీ చూశాను. ఈ అట్ట చూసి నీళ్లు పంపితే నా వాడలో శవాలు లేస్తాయి. అలాంటి అట్టని ఆయన బాగుందనుకుని పంపాడు. ఆయనకి ఎరుపు కనబడటం లేదు. నాలుగు నెలలుగా కనబడటం లేదు. నలభై రెండు మందిమి, కళ్లే మా ఆస్తి అని చెప్పుకునే వాళ్లం, చప్పట్లు కొట్టి పేరు కూడా పెట్టాం.

ఫిబ్రవరి 22. ఉప్పు 318. గొట్టాలు ఆరు.

పొద్దున్నే మాబున్నీకి ఫోన్ చేశాను. "తప్పయిపోయిందమ్మా. నోటికొచ్చింది అనేశాను. నువ్వు చెప్పిందే నిజం" అన్నాను. నా జన్మలో ఈ మాట మూడోసారి అన్నాను. ఆ పిల్ల సాధించలేదు. "అది ఇడిసిపెట్టక్కా, ఎప్పటినుంచి అట్లయిందో చూద్దామా" అంది.

చూడటం మాకు తేలిక. ఎవరి పొరనూ తీసేయలేదు కదా. ఏడాది పాటు ఆయన వేసిన యాభై ఒక్క పొరలూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ప్రతి పొరలో ఎరుపు ఎక్కడుందో వెతికి, దానికి సరిపోయే దారాన్ని మాబున్నీ ఒక తెల్లగుడ్డ మీద వరసగా కుట్టింది. మధ్యాహ్నానికి ఫోటో పంపింది. మొదటి ముప్పై పోగులూ కుంకుమే. ఆ తర్వాత ఒక్కొక్క పోగూ కాస్త కాస్త దిగుతూ, చివరికి వచ్చేసరికి బెల్లం. ఎవరూ చెప్పక్కర్లేదు, గుడ్డే చెబుతోంది.

మారడం మొదలైంది అక్టోబరులో. పాత మెసేజ్‌లు తవ్వాను. ఆగస్టులో ఒకసారి అన్నాడు. "దుమ్ము దగ్గుకు కొత్త మాత్ర ఇచ్చిండ్రు, రాత్రి మంచిగ నిద్ర వడ్తుంది." పలకల మైదానాల్లో అందరూ మింగే మాత్రే అది.

మా వాడ నర్సమ్మ దగ్గరికి గుడ్డ ఫోటో పట్టుకుని పరిగెత్తాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. "కొందరికి ఆ మాత్ర కంటి నరం మీద పడుతుందమ్మా. ముందు పోయేది ఎరుపూ పచ్చా తేడాయే. నొప్పుండదు. పనివాళ్ల క్యాంపులో నల్ల అక్షరాలు చదివించి కళ్లు బానే ఉన్నాయని పంపేస్తారు. తొందరగా డాక్టరు చూసి మందు మారిస్తే చూపు వెనక్కొస్తుంది. ఇప్పటికే నాలుగు నెలలంటున్నావు. ఇంకో నెలా రెండు నెలలు మింగాడా, రంగులతో పాటు అక్షరాలూ పోతాయి. అప్పుడిక ఎవరూ ఏమీ చెయ్యలేరు" అంది.

ఫిబ్రవరి 24. ఉప్పు 330.

నియమం తప్పాను. ఓదెలన్నయ్యని మనిషి సంగతి అడిగాను. అట్ట చూపించాను, గుడ్డ చూపించాను, నర్సమ్మ మాటలు చెప్పాను. చాలాసేపటికి మెసేజ్ వచ్చింది. ఆయన గొంతు అలా ఉండగా ఎప్పుడూ వినలేదు.

"నేను నిన్ను అడిగిన చెల్లె. రొండుసార్లు అడిగిన. ఏ రంగుల కనవడ్తున్నది, నిజం చెప్పుమన్న. మస్తున్నదన్నవ్. ముట్టుకోకు అన్నవ్. ఇయ్యాల రోగమంటున్నవ్. గీ మాత్ర మింగకుంటే నన్ను పలకల మీదికి ఎక్కనియ్యరు. పోయిన నెలనే క్యాంపుల కండ్లు చూసిండ్రు, కింది లైను దాక సదివిన. యాభై మూడేండ్ల బతుకుల నాకు ఒక్కటే పేరొచ్చింది. గది గూడ గుంజుకుంటరా?"

తర్వాత పంచాయితీ నుంచి వెళ్లిపోయాడు. మెసేజ్ పెడితే చేరడం లేదు.

ఫిబ్రవరి 25.

ఉప్పు చూడలేదు. వీర్రాజు గారు చూశారు. 'ఇతర విషయాలు' ఏమీ లేవు.

ఫిబ్రవరి 27. ఉప్పు 312. గొట్టాలు ఎనిమిది.

ఏడ్చిన ఏడుపు చాలు. ఆయన రెండుసార్లు అడిగింది నిజం, రెండుసార్లూ నేను వినకపోయింది నిజం. దానికి కూర్చుని తల బాదుకుంటే ఆయన కళ్లు రావు. మాకు చేతనైంది ఒకటే, ఫోటో దిద్దడం. దాంతోనే చెయ్యాలి.

పంచాయితీలో అందరికీ చెప్పాను. "ఆయన లెక్కలు నమ్మడు, దారాలు నమ్మడు, నన్ను అసలే నమ్మడు. పక్కనున్న మనిషికి కనబడుతూ తనకి కనబడనిది ఒకటి చూపించాలి. అప్పుడే నమ్ముతాడు."

ఆయనదే పాత ఫోటో ఒకటి ఉంది, వానాకాలంలో పలకల కింద మొలిచిన పచ్చగడ్డి. ఆ గడ్డి నిండా మోదుగు పూలు చల్లుదాం, పూలతో అక్షరాలు పేరుద్దాం అన్నాను. ముదురు లేతల్లో పువ్వుకీ గడ్డికీ వెంట్రుకంత తేడా ఉండకూడదు, ఎరుపూ పచ్చా తేడా ఒక్కటే ఉండాలి. ఏ ఎరుపు ఏ పచ్చతో ఆయన కళ్లలో కలిసిపోతుందో ఆయన పొరలే చెబుతున్నాయి. మాబున్నీ ఆ రెండు రంగులూ కొలిచి ఇచ్చింది. మనిషికొక పొర, పొరకి ఇరవై పూలు.

ఏం రాయాలన్న దగ్గర కాసేపు గొడవైంది. ఒకరు క్షమాపణ రాద్దామన్నారు, ఒకరు పద్యం అన్నారు. "పూలు చాలవు" అన్నాను. చివరికి ఇది రాశాం. "అన్నా, ఇది చదవలేకపోతే ఇవాళే కంటి డాక్టరు దగ్గరికి పో."

మార్చి 4. ఉప్పు 309. గొట్టాలు ఆరు.

పూలు అయిపోయాయి, నలభై రెండు పొరలు. జ్వరం మనిషి కూడా మంచం మీద నుంచే ఇరవై పూలూ పెట్టాడు. కానీ పంపడం ఎలా? ఎక్కడికి? అడగకూడదనే నియమం పెట్టుకుని రెండేళ్లు మురిశాం కదా, ఆయన క్యాంపు పేరు కూడా ఎవరికీ తెలియదు.

ఆయన పచ్చి ఫోటోలన్నీ ముందేసుకున్నాను. ఒకదాంట్లో పెద్ద సాంబారు గిన్నె, ఆవిరి, వెనక చీకటి మూల. ఆ నీడని చంపకుండా మెల్లగా పైకి తీశాను. ముందు గోడ వచ్చింది, తర్వాత గోడకి మేకు, మేకుకి బోర్డు. "లసుమవ్వ మెస్" అని ఉంది, కింద ఫోన్ నంబరు. చివరి అంకె మూడో ఎనిమిదో తేలలేదు. రెండిటికీ చేశాను. మూడు అన్న వాళ్లు తిట్టారు. ఎనిమిదికి ఒక ఆడమనిషి ఎత్తింది.

"నేను ఓదెలన్నయ్య స్నేహితురాలినండి, నూకరత్నం అంటారు" అన్నాను.

"నువ్వేనా గా నీళ్ల చెల్లెవు" అంది. ఓదెలన్నయ్య భార్యే. మెస్ ఆవిడదే. "వారం దినాల సంది అన్నం సక్కగ తింటలేడు. ఏమన్నవమ్మా మా ఆయనను?"

అంతా చెప్పాను. ఏమీ దాచలేదు, ఆయన అడిగితే నేను పొగిడి ఊరుకున్న సంగతి కూడా. ఆవిడ, "మొన్న పండు మిరపకాయలు తెమ్మంటే పచ్చివి తెచ్చిండు. ముసలోడైతున్నవ్ అని నవ్విన" అంది.

మెస్‌లో ఉన్న తెర ఏ ఫోటో పెట్టినా తనకు తోచినట్టు మెరుగులు దిద్దుతుందట. మా పూలని అది ఏ రంగు చేస్తుందో దేవుడికెరుక. గుడ్డ మీద అచ్చు వేయిస్తానంది మాబున్నీ. వాళ్ల వీధిలోనే అచ్చువాళ్లున్నారు. మొదటి రెండు గుడ్డలూ దారంతో సరిచూసి వెనక్కి కొట్టింది. మూడోది ఒప్పుకుంది.

మార్చి 12. ఉప్పు 311. గొట్టాలు ఆరు.

పార్సిల్ నిన్న చేరింది. ఈరోజు మధ్యాహ్నం భోజనాల వేళ లసుమక్క ఫోన్ చేసి, చేతిలోనే పట్టుకుని తిరిగింది. అంతా విన్నాను.

గుడ్డని మెస్ గోడకి కట్టిందట. అన్నయ్య లోపలికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. "గిదేందే, కొత్తగ?" అన్నాడు.

"నువ్వే చెప్పు, ఏందో" అంది ఆవిడ.

"నా గడ్డి ఫోటో. మన పలకల కిందిది. మంచిగ అచ్చేసిండ్రు."

"గడ్డిల ఏమున్నది?"

"గడ్డిల ఏముంటది, గడ్డే ఉంటది."

అప్పటికే పక్క బల్ల మీదెవరో గట్టిగా చదవడం మొదలుపెట్టారు. అన్నా, ఇది చదవలేకపోతే, అని. రెండో బల్ల అందుకుంది. చదివినవాళ్లు నవ్వారు, ఏదో ఆట అనుకున్నారు. అన్నయ్య లేచినట్టున్నాడు, బల్ల జరిగిన చప్పుడైంది.

"ఏడున్నయే అక్షరాలు? ఎవలు సదువుతున్నరు? ఏడున్నయ్?"

లసుమక్క ఆయన వేలు పట్టుకుని గుడ్డ మీద నడిపించిందట. అ. న్నా. ఒక్కొక్క పువ్వు మీదుగా. నవ్వేవాళ్లు నవ్వు ఆపేశారు. తర్వాత ఎవరో మూలన ఉన్నతను, "ఓదెలన్నా, నాకు గూడ గడ్డే కనవడ్తున్నది" అన్నాడు. కాసేపాగి ఇంకొకతను అన్నాడు.

ఆ పూట అన్నం తిన్న నూట అరవై మందిలో, అన్నయ్యతో కలిపి ఆరుగురికి అక్షరాలు కనబడలేదు. ఆరుగురూ సాయంత్రం బండెక్కి పెద్దాసుపత్రికి పోయారు.

మార్చి 20. ఉప్పు 308. గొట్టాలు ఆరు.

మందు మార్చారు. దుమ్ము దగ్గుకి వేరే మాత్ర ఉందట, ఖరీదు ఎక్కువని ఇవ్వరట. ఆరుగురు ఒక్కసారి వచ్చి నిలబడేసరికి ఇచ్చారు. చూపు కుదురుకునేదాకా పలకలెక్కొద్దన్నారు, నీడలో పని ఇచ్చారు. చూపు వస్తుందా అని లసుమక్క అడిగితే డాక్టరు, "రావాలి. ఎంత వస్తుందో చెప్పలేను" అందట.

అన్నయ్య నాతో మాట్లాడలేదు. మాట్లాడనీ, మాట్లాడకపోనీ. ఆసుపత్రికి వెళ్లాడు, నాకదే పదివేలు.

ఏప్రిల్ 30. ఉప్పు 322. ఎండలు. గొట్టాలు ఎనిమిది.

రోజూ అన్నం తినేటప్పుడు గుడ్డ వంక చూస్తాడట. నిన్న కంచం ముందు నుంచి లేచి వెళ్లి "పో" అన్నాడట.

"ఎక్కడికి?" అంది లసుమక్క.

"పో అని రాసున్నది. సివర్న" అన్నాడట.

ఆవిడ నాకు చెబుతూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, పంపు పక్కన నిలబడి. మాబున్నీకి చెబితే అదీ ఏడ్చింది. సముద్రంలో ఉప్పు చాలనట్టు.

జూన్ 9. ఉప్పు 299. మొదటి వాన. గొట్టాలు ఆరు.

పొద్దున పంచాయితీ తెరిస్తే లోపల నలభై ముగ్గురున్నారు. ఏమంటే ఏమనుకుంటాడో అని అందరికీ భయం. నేనే "రండన్నయ్యా" అన్నాను.

వాయిస్ మెసేజ్ పంపాడు. అందరూ వినేలాగే పంపాడు.

"అందరికి దండం. ఎడమ కన్ను మంచిగైంది. కుడిది ఇంక జర మబ్బు మబ్బు. మీ గుడ్డ రోజు సూస్తున్న, మొత్తం సదివిన. మాబున్నీ, నువ్వు కుట్టిన దారాల ఫోటో గూడ మా లసుమ సూపెట్టింది, నీ కన్నుకు దండం బిడ్డా. గని ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు. 'డాక్టరు' అన్న కాడ, 'క్ట' కింద మూడు పువ్వులున్నయ్. మిగిలినయన్ని మోదుగు పువ్వులే, గా మూడు గులాబి కొడ్తున్నయ్. అచ్చుల తప్పు కాదు. ఎవలయి గవి?"

నలభై రెండు మందిమి ఆ ఫైలుని వారం రోజులు కళ్లు చిట్లించుకుని చూశాం. మాబున్నీ మూడు గుడ్డలు దారంతో కొలిచింది. ఎవరికీ ఏ తేడా కనబడలేదు. ఫైలు తెరిచాను. 'క్ట' కిందికి వెళ్లాను. పొర పేరు చూశాను. నూకరత్నం అని ఉంది.

రంగు కొలిచాను. రెండోసారి కొలిచాను. గులాబీయే. మూడు పూలలోనూ ఎరుపు ఒక వీసం తగ్గింది. నా కంటికి ఇప్పటికీ తెలియడం లేదు.

"నావేనండి అన్నయ్యా" అన్నాను.

"నాకెరికే. తొందరపడ్తవ్ నువ్వు. తీసెయ్యి, మళ్ల పెట్టు" అన్నాడు.

తీశాను. ఒక్కొక్క పువ్వూ మళ్లీ పెట్టాను. ఒకటి పెట్టి చూపించాను, ఇంకా గులాబీ అన్నాడు. మార్చాను, ఇప్పుడు సక్కగున్నది అన్నాడు. ఇన్నేళ్లలో నా పనికి ఒకరు వంక పెడితే నేను కిక్కురుమనకుండా కూర్చుని దిద్దుకోవడం ఇదే మొదలు. మూడు పూలకీ గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా పంపు దగ్గర నా బదులు వీర్రాజు గారు నిలబడ్డారు.